బంగాళాఖాతంలో ఒక దారప్పోగు

నేను ఒక జలచరాన్నని చెప్పుకుందామంటే ప్రాణం లేదు, ఓడనని చెప్పుకుందామంటే ఇంజను లేదు. మనిషంత పొడవు, పసుపుపచ్చ ఒళ్లు, అటూ ఇటూ రెండు పల్చటి రెక్కలు, వెనక తోకలా ఒక యాంటెన్నా. నన్ను గ్లైడర్ అంటారు. గాలిలో ఎగిరే గ్లైడర్లు వేరే ఉన్నాయి, వాటికి పేరూ ప్రతిష్ఠా ఉన్నాయి. నేను నీళ్లలో ఈదే రకాన్ని. మా రకం ఒకటుందని మీలో చాలామందికి ఇవాళే తెలిసి ఉంటుంది, ఫరవాలేదు, నేనేమీ అనుకోను.

నా పని వినడానికి చాలా తేలిక. కడుపులో ఒక నూనె సంచి ఉంటుంది. నూనెను లోపలికి లాక్కుంటే ఒళ్లు కుదించుకుని మునుగుతాను, బయటికి నెడితే ఉబ్బి పైకి లేస్తాను. మునిగేటప్పుడూ లేచేటప్పుడూ రెక్కలు నన్ను ముందుకు జరుపుతాయి. అలా నెలల తరబడి సముద్రంలో తిరుగుతూనే ఉంటాను. నా వేగం గురించి అడక్కండి, మనిషి తీరిగ్గా నడిచినా నన్ను దాటిపోతాడు. పైకొచ్చినప్పుడల్లా తోక ఆకాశానికెత్తి, ఉపగ్రహానికి ఫోను చేసి, కింద చూసిందంతా అంకెల్లో అప్పజెబుతాను. ఒడ్డున ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు ఆ అంకెలు చూసుకుని, సముద్రాన్ని పరిశోధించాం అని చెప్పుకుంటారు. తడిసేది నేనూ, శాలువాలు కప్పించుకునేది వాళ్లూను.

పుట్టింది ఎక్కడో చలిదేశంలో, ఒక రేకుల షెడ్డులో. అక్కడివాళ్లు మాట తక్కువ మనుషులు. నన్ను తొట్టిలో ముంచి, ఓ పిసరు బరువు ఎక్కువైతే తీసి, తక్కువైతే కలిపి, మళ్లీ ముంచి, మళ్లీ తీసి, చివరికి తృప్తిపడి పెట్టెలో సర్దారు. విశాఖపట్నం రేవులో ఆ పెట్టె తెరిచిన అధికారి నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు. నేను బాంబును కాదని తేల్చుకోవడానికి ఆయనకు ఒక వానాకాలం పట్టింది. తేల్చుకున్నాక, పిల్లలు ఆడుకునే బొమ్మనేమోనని కొత్త అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి ఇంకొక వేసవి పట్టింది.

ఎట్టకేలకు నన్ను తెప్పించుకున్న పరిశోధన సంస్థకు చేరాను. దాని డైరెక్టరు డాక్టర్ దర్భా సోమయాజులుగారు. తెల్లటి జుట్టు, నల్లటి కళ్లద్దాలు, గంభీరమైన గొంతు. సముద్రం గురించి ఆయన మాట్లాడుతుంటే ఇదంతా ఆయనే స్వయంగా తవ్వించి నీళ్లు పట్టించారేమో అనిపించేది. ఒకటే చిక్కు. పడవెక్కితే ఆయనకు వాంతులు. అందుచేత ఉద్యోగంలో చేరినప్పటినుంచీ సముద్రాన్ని ఆయన ఒడ్డునుంచే ఏలుకొస్తున్నారు.

నా బాగోగులు చూసేది మాత్రం కోరాడ నూకరత్నం. భీమిలి దగ్గర జాలరిపేట అమ్మాయి, సోమయాజులుగారి దగ్గర డాక్టరేటు చేస్తోంది. చేస్తోంది అంటే, చాలా ఏళ్లుగా చేస్తోంది. నేను రేవులో బాంబుగానూ బొమ్మగానూ కాలక్షేపం చేసిన రోజులన్నీ ఆ పిల్ల లెక్కలోంచే పోయాయి. విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించారు, ఇక పొడిగించం అని కూడా చెప్పేశారు. నేను వెళ్లి అంకెలు తెస్తేనే థీసిస్, లేకపోతే ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసినట్టే.

ఆమె తేల్చాలనుకున్న విషయం ఇది. గోదావరీ, మహానదీ, గంగా అన్నీ కలిసి తెచ్చి పోసే మంచినీళ్లు బంగాళాఖాతంలో పైన పల్చటి పొరలా పరుచుకుని ఉంటాయి. ఉప్పునీళ్లు కింద ఉంటాయి. చక్కెర వేసి చెంచా తిప్పని కాఫీ చూశారు కదా, అదీ సంగతి. ఆ చెంచా ఎవరైనా తిప్పుతున్నారా, తిప్పితే ఎంత గట్టిగా తిప్పుతున్నారు అన్నది ప్రశ్న. నీళ్లు కలిస్తే కింది చల్లదనం పైకి వచ్చి సముద్రం చల్లబడుతుంది, మీదికొచ్చిన తుఫాను నీరసపడుతుంది. కలవకపోతే పైపొర వెచ్చగానే ఉంటుంది, ఆ వేడి తాగి తుఫాను బలుస్తుంది. అయితే ఈ కలవడమన్నది పెద్ద పెద్ద కెరటాల్లో కాదు, వేలెడంత సుడుల్లో జరుగుతుంది. వాటిని పట్టుకోవడానికి నా ముక్కు చివర రెండు సూదులు, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. వాటిచుట్టూ సన్నటి లోహపు కంచె. నీరు ఏ కాస్త వణికినా ఆ సూదులకు తెలిసిపోతుంది. నూకరత్నం వాటికి టోపీ తొడిగి, ఎవరైనా దగ్గరికొస్తే కోడిపెట్టలా అడ్డం పడేది.

నన్ను సముద్రంలో దింపే రోజున ఫిషింగ్ హార్బర్‌లో జరిగిన మర్యాద ఏ పెళ్లికొడుక్కీ జరిగి ఉండదు. జెట్టీ మీద షామియానా వేశారు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు. పురోహితుడు నన్ను కిందికీ పైకీ చూసి, కాసేపు తటపటాయించి, చివరికి వాహనపూజ కానిచ్చేశాడు. స్కూటర్లకూ లారీలకూ చేసేదే. చక్రాల కింద పెట్టి తొక్కించడానికి నిమ్మకాయలు కూడా తెచ్చాడు. నాకు చక్రాలు లేవని తెలిసి చిన్నబుచ్చుకుని, రెక్కల కింద చెరొకటి దోపాడు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. సముద్రంలో సుడులు కొలిచే యంత్రానికి ఇవన్నీ అవసరమని చలిదేశంలో ఎవరికీ తోచలేదు, పాపం.

తర్వాత సోమయాజులుగారు బంతిపూల దండ అందుకున్నారు. ఫొటోలవాళ్లు ముక్కు కనిపించాలన్నారు, ఎవరో నా టోపీ లాగేశారు.

"సార్, ముక్కు దగ్గర వద్దు సార్, సూదులున్నాయి" అంటూ నూకరత్నం ముందుకొచ్చింది.

"దండ ముక్కుకి కాకపోతే తోకకి వేస్తామా అమ్మా? తోకకి దండ వేసినవాళ్లని ఎక్కడన్నా చూశావా?" అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

దండ వేశారు. ఇటు తిరగమన్నారు, అటు తిరగమన్నారు, ఇంకొక్కటి సార్ అన్నారు. ఇంతలో పురోహితుడు వాచీ చూసుకుని రాహుకాలం ముంచుకొస్తోందని కంగారుపెట్టాడు. ఆ హడావిడిలో దండ తీయబోతే కంచెకు చిక్కుకుంది. ఎవరో ఒక్క గుంజు గుంజారు. పువ్వులు రాలాయి, దండ తెగింది, జానెడు దారం కంచె లోపల కుడి సూది మొదట్లో మెలిపడి ఉండిపోయింది. నూకరత్నం జనాన్ని తోసుకుని వచ్చి గబగబా టోపీ తొడిగేసింది. దారం ఆమె కంట పడలేదు. పడవ నడిసముద్రం చేరాక కెరటాలు ఎత్తి కుదేస్తుంటే, ఓ చేత్తో పడవ అంచు పట్టుకుని, ఇంకో చేత్తో టోపీ లాగి నన్ను నీళ్లలోకి జార్చింది. అప్పుడూ పడలేదు.

ఇక చూసుకోండి. నేను కిందికి జారుతున్నకొద్దీ ఆ దారం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కుడి సూది హడలెత్తి, ఏదో ప్రళయం వచ్చినట్టు అంకెలు రాసుకుంది. ఎడమ సూది మాత్రం ఇక్కడ ఏమీ లేదే, అంతా నెమ్మదిగా ఉంది కదా అని రాసుకుంది. నేను రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు పైకి పంపాను. ముక్కులో దారం ఉందని చెప్పడానికి నాకు అంకె లేదు.

అటుపైన ఒడ్డున జరిగినవి నాకెలా తెలుసంటారా? తర్వాత అందరూ నా పక్కనే నిలబడి చెప్పుకున్నారు. మనుషులు యంత్రాల ముందు ఏదైనా మాట్లాడేస్తారు.

అంకెలు చూసి సంస్థ అంతా లేచి నిలబడిందట. బంగాళాఖాతం కింద ఇంత కల్లోలమా! ఇప్పటిదాకా ఎవరూ చూడలేదే! మరి ఎడమ సూది ఏమీ లేదంటోంది కదా అని ఒకరు అడిగారు. కమిటీ కూర్చుని, ఎడమ సూది పాడైపోయిందని ఏకగ్రీవంగా తేల్చింది. రెండిట్లో నిజం చెప్పినదాన్నే పాడైనదిగా ఎలా ఏరుకున్నారో, అది వాళ్ల అనుభవం.

సోమయాజులుగారు విలేకరులను పిలిచి, కాఫీలూ జీడిపప్పు పకోడీలూ ఇప్పించి, ఒక కొత్త అంతర్‌ప్రవాహాన్ని కనుగొన్నామని ప్రకటించారు. దానికి సోమధార అని పేరు పెట్టారు. సోముడంటే చంద్రుడనీ, ఆటుపోట్లకు చంద్రుడు కారణమనీ వివరించారు. ఎవరూ కాదనలేదు. తెల్లారేసరికి పత్రికల్లో ఆయన ఫొటో, దాని కింద చిన్నగా నేను. టీవీవాళ్లకు అదీ చాలలేదు. సముద్రం అడుగున ఎర్రగా గిరగిరా తిరుగుతున్న ఒక బొమ్మ గీయించి, బంగాళాఖాతంలో దాగిన రాకాసి అన్నారు. ఈ రాకాసి విశాఖను మింగేస్తుందా అని అడిగితే, అబ్బే, మేలే చేస్తుంది, నీళ్లను కలిపి చల్లబరుస్తుంది, ఇకమీదట తుఫాన్లు ఇక్కడికొచ్చేసరికి నీరసపడిపోతాయి అని డైరెక్టరుగారు భరోసా ఇచ్చారు. ఆయన్ను ఆ నెలలో మూడు సభల్లో సన్మానించారు.

నూకరత్నం సంతోషం మరీ ఎక్కువ. ఇన్నేళ్లూ 'ఇంకా చదువుతూనే ఉన్నావా' అని అడిగిన చుట్టాలు ఇప్పుడు టీవీలో ఆమెను చూశారు. థీసిస్ రాయడం కూడా మొదలుపెట్టేసింది. సోమధార అన్న పేరుతో మొదటి అధ్యాయం పూర్తయింది. రెండో అధ్యాయంలో ఉప్పూ వేడీ కొలిచిన పట్టికలు పెట్టబోయి చెయ్యి ఆపింది. చెంచా అంత జోరుగా తిరుగుతుంటే చక్కెర కరిగిపోవాలి కదా? కరగలేదు. పైన మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు, గీత గీసినట్టు విడివిడిగా ఉన్నాయి.

ఆ పిల్ల అప్పుడో పని చేసింది. కొంచెం నెమ్మదిగా దిగమని నాకు కబురు పంపింది. దిగాను. దారం ఊపు తగ్గింది, ప్రళయం సగానికి సగం తగ్గింది. ఇంకా నెమ్మదిగా దిగమంది. ప్రళయం ఇంచుమించు ఆగిపోయింది. మామూలు వేగంతో దిగమంది. మళ్లీ ప్రళయం.

మర్నాడు సోమయాజులుగారి గదికి వెళ్లింది.

"సార్, ఇంత కల్లోలం ఉంటే పొరలు కలవాలి కదా సార్. కలవలేదు."

"అదే కదమ్మా వింత! అందుకే కదా కనుగొన్నామన్నాం!"

"గ్లైడర్ని నెమ్మదిగా దింపితే సముద్రం కూడా నెమ్మదిస్తోంది సార్. మన గ్లైడర్ వేగంతో సముద్రానికేం పని? ఇది సముద్రంలో లేదు సార్, గ్లైడర్లోనే ఏదో ఉంది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీ గడువు ఎప్పటిదాకా?"

"ఈ నెలాఖరు సార్. ఇదే ఆఖరు."

"మరి రాసుకో. వచ్చే వారం ఢిల్లీనుంచి పెద్దలొస్తున్నారు, వాళ్లముందు నువ్వే చెప్పాలి. సముద్రంతో తర్వాత వాదిద్దువుగాని."

ఆమె బయటికొచ్చింది. నోరు మూసుకుంటే నెలాఖరుకు డాక్టరు నూకరత్నం. నోరు తెరిస్తే చేతిలో సాక్ష్యం లేదు, ఒక విద్యార్థిని అనుమానం తప్ప. ఆ సాక్ష్యం నా ముక్కుకే వేలాడుతోంది. నా బ్యాటరీ అయిపోవడానికో, ఏ చేపో కొరికి ఆ దారం ఊడిపోవడానికో పెద్ద సమయం పట్టదు. సంస్థ పడవ అడిగితే కారణం చెప్పాలి. అందుకని భీమిలి వెళ్లి చిన్నాన్న దానయ్యను అడిగింది. దానయ్యకు సొంత మరబోటు ఉంది, దానితోపాటు పెద్ద నోరు కూడా ఉంది.

నన్ను పైనే ఉండమని ఆమె కబురు పెట్టడంతో కెరటాలమీద తేలుతూ ఎదురుచూశాను. వచ్చారు.

"ఇదేనేటమ్మీ నీ రాకాసిని పట్టీసింది? టీవీలో సూసి ఏనుగంత ఉంటాదనుకున్నాను. మా వలలోన పడ్డ సొర ఇంతకన్నా పెద్దదుంటాది కదే!"

"చిన్నాన్నా, ముక్కు తగలనీకు. మెల్లగా."

"మెల్లగానే కదేటి! పసిగుడ్డునెత్తినట్టు ఎత్తుతున్నాను, సూడు."

నన్ను బల్లలమీద పడుకోబెట్టారు. నూకరత్నం వంగి నా ముక్కులోకి చూసింది. నాచు పట్టి, ఉప్పు తిని, పసుపురంగు ఇంకా పూర్తిగా వదలని దారం. ముడి దగ్గర బంతిపువ్వు తొడిమ ఒకటి అలాగే ఉంది. ఆమెకు ముందు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. ఆ తర్వాత పడవ అంచుకు ఆనుకుని ఏడ్చింది.

"ఏటయిందే? ఇరిగిపోనాదా?"

"లేదు చిన్నాన్నా. బాగానే ఉంది. నాదే పోయింది."

"ఏటి పోనాది?"

"నా చదువు."

దానయ్య ఇంజను ఆపేసి పక్కకొచ్చాడు. "తీసీనా ఆ దారం?" అని అడిగాడు.

తీసేస్తే సరిపోయేది. సముద్రంలో పారేస్తే ఇంకెవరికీ తెలియదు. అప్పటికి మనుషులను చాలామందిని చూశాను కనుక అదే చేస్తుందనుకున్నాను. దాని వెనక నా స్వార్థమూ ఉంది లెండి. రాకాసిని పట్టిన గ్లైడర్‌గా దేశమంతా నా పేరు మోగుతోంది, ముక్కులో దారం పెట్టుకు తిరిగిన గ్లైడర్‌గా మిగలడం నాకేం సరదా? కానీ ఆమె దారం ముట్టుకోకుండా, జాగ్రత్తగా టోపీ తొడిగింది.

పెద్దల సభ రోజున నన్ను బల్లమీద పెట్టారు. ప్రదర్శన కోసమని అనుకున్నారు అందరూ. ముందువరసలో ఢిల్లీ పెద్దలు, పక్కన సోమయాజులుగారు కొత్త కోటులో. నూకరత్నం లేచి నమస్కారం పెట్టి, సోమధార గురించి చెప్పమని కదా పిలిచారు, సోమధార ఇక్కడుంది అని నా టోపీ తీసింది. నెమ్మదిగా దింపితే ఏం జరిగిందో చెప్పింది. మాట తడబడలేదు. థీసిస్ గురించీ, గడువు గురించీ ఎత్తలేదు.

సోమయాజులుగారు లేచి నా దగ్గరికొచ్చారు. ఇప్పుడు చూడాలి తమాషా, అనుకున్నాను. ఆ పిల్లను నలుగురిలో కడిగేస్తారు, దారం ఆమే కట్టిందంటారు, దుష్ప్రచారం అంటారు, ఇంకా ఏమేం అనవచ్చో అన్నీ నేను లెక్కవేసి పెట్టుకున్నాను. ఆయన వంగి, కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, చాలాసేపు చూశారు.

"ఇది కుడి సూది కదా," అన్నారు. "ఎడమదో?"

"ఎడమది మొదట్నుంచీ ఏమీ లేదనే చెబుతోంది సార్. పాడైందనుకున్నాం కదా."

"దాని అంకెలు ఉన్నాయా, పారేశామా?"

"నేను పారెయ్యలేదు సార్."

ఆయన తల ఊపారు. ఆ ప్రశ్న అడిగిన మనిషి డైరెక్టరు కాదు. ఎప్పుడో కుర్రతనంలో, సన్మానాలు మొదలవకముందు, సముద్రం అంటే నిజంగా ఆసక్తి ఉన్న మనిషెవరో ఆ కోటు లోపలినుంచి తొంగిచూసి అడిగాడు. తర్వాత పెద్దలవైపు తిరిగి, "ఈ దండ వేసింది నేనే. వద్దని ఈ అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు. సోమధార లేదండీ" అని చెప్పి కూర్చున్నారు. నేను వేసుకున్న లెక్కలన్నీ తప్పాయి. ఒప్పుకోవడానికి నాకు చాలా ఇబ్బందిగా ఉంది గాని, ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

ఢిల్లీ పెద్దలు మాత్రం నన్ను నిరాశపరచలేదు. వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకుని, పూజవల్ల అని నివేదికలో రాస్తే బాగుండదు, సాంకేతిక కారణాలవల్ల అనండి, అన్నాడు. ఇంకొకాయన ప్రవాహానికి పేరు ఎలాగూ పెట్టేశారు కాబట్టి పేరు ఉంచుకోవచ్చు కదా, అన్నాడు. ఆ తర్వాత అందరూ భోజనాలకు లేచారు.

అప్పటికే అండమాన్ దాటి అల్పపీడనం ఒకటి పుట్టిందని కబురు. రెండు మూడు రోజుల్లో తుఫాను అవుతుందన్నారు. సోమయాజులుగారు తను టీవీలో చెప్పింది తప్పని, ఈ తుఫాను నీరసపడదని చెప్పడానికి ఆ చానల్‌కే ఫోను చేశారు. దారం దాకా వచ్చేసరికి, సార్ బ్రేకింగ్ న్యూస్ ఉంది, మళ్లీ కలుద్దాం అని వాళ్లు పెట్టేశారు. ఆయన ఫోను బల్లమీద పెట్టి, నూకరత్నాన్ని పిలిచి, "దారం తీసెయ్. తుఫాను వచ్చేలోగా దీన్ని మళ్లీ దింపుదాం. చిన్నాన్నగారి పడవ ఉందన్నావుగా, నేనూ వస్తాను" అన్నారు.

"సార్, మీకు పడదు కదా సార్..."

"పడకపోతే పోనీ."

పడలేదు. రేవు దాటగానే మొదలైంది. సముద్రశాస్త్రవేత్త సముద్రాన్ని తొలిసారి దగ్గరగా చూసింది పడవ అంచుమీద నుంచి తల కిందికి వేలాడేసి. దానయ్య ఆయన నడుం పట్టుకుని, "కక్కీండి బాబూ, మొహమాటపడకండి, సముద్రం ఏటీ అనుకోదు" అని ధైర్యం చెబుతూనే ఉన్నాడు. షామియానా లేదు, నిమ్మకాయలు లేవు. మబ్బు మూసిన మధ్యాహ్నం, రాహుకాలమో ఏ కాలమో ఎవరూ చూడలేదు. నూకరత్నం నా ముక్కును ఒకటికి నాలుగుసార్లు పరీక్షించింది. ఆయన పాలిపోయిన మొహంతో లేచి వచ్చి తనూ ఒకసారి చూసి, సరే అన్నారు.

తుఫాను గురించి మనుషులు చాలా చెబుతారు, వాళ్లకు దాని పైభాగమే తెలుసు. నేను దాని కిందినుంచి చూశాను. పైన నీళ్లు ఉడుకుతున్నాయి, పైకొచ్చిన ప్రతిసారీ కెరటాలు నన్ను ఎత్తి విసిరాయి, ఒకసారి కుడి రెక్క విరిగింది. అయినా మళ్లీ దిగాను. నదుల నీళ్ల పొర తనలో తనే గింగిరాలు తిరిగింది గాని కిందికి తోవ ఇవ్వలేదు. దాని అడుగున ఉప్పునీళ్లు చల్లగా, నిశ్చింతగా ఉన్నాయి. ఈసారి నా రెండు సూదులూ ఒకే మాట చెప్పాయి. అక్కడక్కడ వేలెడంత సుడి ఒకటి పుట్టి, కాస్త తిరిగి, ఆరిపోతోంది. అంతకుమించి ఏమీ లేదు. నేను చూసిన వాటన్నిట్లోకీ అందమైనది అదే, ఈ మాట నేను వెటకారానికి చెప్పడం లేదు.

ఆ అంకెలే పైకి పంపాను. తుఫాను నీరసపడకుండానే తీరం దాటింది. ఒంటిరెక్కతో గుండ్రంగా తిరుగుతున్న నన్ను దానయ్య వెతికి పట్టి తెచ్చాడు.

నెలాఖరు దాటిపోయింది. నూకరత్నం మళ్లీ మొదటినుంచీ పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. సోమయాజులుగారు విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కీ దిగీ, తనకెన్నడూ అలవాటులేని బతిమాలడం కూడా నేర్చుకుని, ఆ మాత్రమైనా సాధించారు. సన్మానాల రోజుల్లో వినిపించిన ఆయన పదవి పొడిగింపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తను చెప్పింది తప్పని ఒక పరిశోధన పత్రికకు తన పేరుతోనే రాసి పంపారు. అది అచ్చయింది. ఎవరూ చదివినట్టు లేదు. సోమధార మాత్రం బతికే ఉంది. పోటీపరీక్షల గైడ్లలో ఇప్పటికీ దాని మీద ప్రశ్న ఉందట, నాలుగు జవాబుల్లో ఒకటి సరైనదట.

ఆ థీసిస్ పూర్తవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. పరీక్షకులు ఇన్నేళ్లకు ఏం కనుక్కున్నావని అడిగితే, దాదాపు కలవడం లేదని కనుక్కున్నానండి అందట. ఏ టీవీవాడూ రాలేదు. డాక్టరేటు వచ్చింది.

నన్ను ఇంక ఈదనివ్వలేదు. విరిగిన రెక్క అతికించి, తుడిచి, సంస్థ ముందుహాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. పెట్టెకు ఇత్తడి ఫలకం బిగించారు. బంగాళాఖాతంలో సోమధారను కనుగొన్న గ్లైడర్ అనీ, దాని కింద పెద్ద అక్షరాల్లో డాక్టర్ దర్భా సోమయాజులు అనీ చెక్కించారు. ఫలకం మార్చమని నూకరత్నం కొత్త డైరెక్టరును అడిగింది. తయారైపోయింది కదమ్మా, ఇత్తడిది, బాగుంది కూడా, అన్నాడాయన.

ఒకరోజు పొద్దున్నే, ఆఫీసు ఇంకా నిండకముందు, ఆమె సోమయాజులుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. రిటైరయ్యాక ఆయన ఇక్కడికి రావడం అదే మొదలు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు.

"నేను తీస్తాను సార్, మీరు కూర్చోండి."

"నా పేరమ్మా. నేనే తీసుకుంటాను."

నాలుగు స్క్రూలు. ఒక్కొక్కటే తిప్పి ఊడదీశారు. ఆమె ఫలకం కింద చేతులు పెట్టి, పడిపోకుండా పట్టుకుని నిలబడింది. ఆఖరి స్క్రూ ఊడివచ్చాక ఇద్దరూ దాన్ని పాత పేపర్లో చుట్టారు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని, నావైపు ఒకసారి చూసి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా పెట్టెమీద నాలుగు చిల్లులు తప్ప ఏమీ లేదు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు రాకెట్టా, గ్యాసు సిలిండరా అని పందాలు వేసుకుంటారు. మొన్న ఒక పెద్దమనిషి పెళ్లాంతో ఇది వేడినీళ్ల బాయిలరని ఖాయంగా చెప్పాడు. ఆవిడ నమ్మింది. చెప్పుకోనివ్వండి. నా గురించి ఈ పెట్టెమీద అబద్ధమేదీ రాసిలేదు.